పరభాషా ఉచ్చారణ: ఇబ్బందులు, కారణాలు

పరభాష మాట్లాడేటప్పుడు అందులోని ధ్వనులను, వాటి నిడివిని, ఊనికను, స్వరంలోని ఎత్తుపల్లాలను ఆ భాష సొంతమైనవారిలాగా పలకలేకపోవడం దాదాపు అందరికీ ఎదురయ్యే సంగతి. వ్యాకరణం పట్టుబడ్డాక, పదసంపద పెరిగాక కూడా ఇది చాలామందిని వదలదు. పోలండ్ కుటుంబంలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో ఇంగ్లీషు మొదలుపెట్టిన జోసెఫ్ కాన్రాడ్ ఆ భాషలో అగ్రశ్రేణి నవలాకారుడయ్యాడు. మాటలో మాత్రం ఆయన పోలిష్ యాస చివరిదాకా పోలేదు. రాతలో పండిపోయినవారికి కూడా పలుకు లొంగకపోవడాన్ని థామస్ స్కోవెల్ అనే భాషావేత్త కాన్రాడ్ పేరుతోనే వ్యవహరించాడు.

ఈ ఇబ్బందిని తెలుగులో ‘నోరు తిరగడం లేదు’ అంటారు. నాలుకదే తప్పన్నట్టుగా ఉంటుంది ఆ మాట. నిజానికి చాలా సందర్భాల్లో చిక్కు నోటికంటే ముందు చెవిలో మొదలవుతుంది. మాతృభాషకు అలవాటుపడిన చెవి పరాయి ధ్వనిని తనకు తెలిసిన ధ్వనిగానే వింటుంది, నోరు ఆ విన్నదాన్నే పలుకుతుంది. అందుకే ఒక భాషవారు చేసే తప్పులు మనిషి మనిషికీ మారవు. మాతృభాష ఏదో తెలిస్తే తప్పు ఎక్కడ పడుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు.

పాత ఆధారాలు

పరాయి ధ్వని పలకలేకపోవడం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. బైబిల్ పాత నిబంధనలో న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం అలాంటి ఒక కథ చెబుతుంది. యుద్ధంలో గెలిచిన గిలాదు వారు యొర్దాను రేవుల దగ్గర కాపు కాసి, నది దాటబోయే ప్రతి మనిషినీ ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ‘సిబ్బోలెతు’ అన్నవాణ్ణి ఎఫ్రాయిమీయుడిగా గుర్తుపట్టి చంపారు. ఆ గ్రంథం ప్రకారం అలా చనిపోయినవారు 42,000 మంది. 1937లో డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహియో సైన్యం హైతీయులను ఊచకోత కోసింది. అప్పుడు సైనికులు పార్స్లీ అనే ఆకుకూర కొమ్మ చూపించి దాని స్పానిష్ పేరు ‘పెరెహిల్’ పలకమన్నారని, హైతీయులకు అందులోని రేఫ రాదని చెబుతారు. ఆ ఘాతుకానికి పార్స్లీ ఊచకోత అన్న పేరు అలాగే వచ్చింది.

భారతదేశంలో ఈ విషయం మీద చర్చ చాలా పాతది. పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే, శత్రువులను ఉద్దేశించి ‘హే అరయః’ అనవలసిన చోట ‘హేలయః’ అని పలికి అసురులు ఓడిపోయారన్న ప్రస్తావన ఉంది. రేఫకు బదులు లకారం పలకడం ఈనాటికీ ప్రపంచంలో ఎక్కువగా చెప్పుకునే ఉచ్చారణ దోషాల్లో ఒకటి. త్వష్ట కథ ఇంకా సూక్ష్మమైనది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తూ ‘ఇంద్రశత్రు’ అనే సమాసంలో స్వరాన్ని ఉండవలసిన అక్షరం మీద కాక వేరే అక్షరం మీద పెట్టడంతో, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అనే అర్థం వచ్చి ఆ కొడుకు వృత్రుడు హతుడయ్యాడట. ధ్వనులు అన్నీ సరిగానే ఉన్నా ఊనిక తప్పితే అర్థం తలకిందులవుతుందన్నది ఇక్కడి సంగతి. ఈ వ్యాసంలో అది మళ్లీ వస్తుంది.

వేదమంత్రాల పలుకు చెడకుండా కాపాడటానికి పుట్టిన శిక్షలు, ప్రాతిశాఖ్యలు అనే గ్రంథాలు ప్రతి వర్ణానికీ నోటిలో స్థానం ఏది, ప్రయత్నం ఎలాంటిది అని విడదీసి చెప్పాయి. తెలుగునాట ఎక్కువగా అధ్యయనం చేసే తైత్తిరీయ శాఖ ప్రాతిశాఖ్యను అమెరికా పండితుడు విట్నీ 1871లో ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించాడు. యూరప్‌లో 19వ శతాబ్దంలో ధ్వనిశాస్త్రం కుదురుకోవడానికి ఈ సంప్రదాయం తోడ్పడింది. 1886లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం తొలుత భాషలు నేర్పే ఉపాధ్యాయుల సంఘమే. బడిలో పరభాషల పలుకు నేర్పడం ఎలా అన్న ప్రశ్నకు జవాబుగానే వారు అన్ని భాషలకూ పనికివచ్చే ధ్వనిలిపిని తయారుచేశారు.

చెవి పాత్ర

రష్యాలో పుట్టిన భాషావేత్త నికొలాయ్ త్రుబెత్‌స్కోయ్, ఆయన మరణానంతరం 1939లో వెలువడిన గ్రంథంలో, మాతృభాషా వర్ణవ్యవస్థను జల్లెడతో పోల్చాడు. పరభాషలో విన్నదంతా ఆ జల్లెడ గుండానే దిగుతుంది, దాని కన్నాల్లో పట్టనిది పక్కకు పోతుంది. ఆయనకంటే ముందే 1931లో భాషావేత్త పొలివానొవ్ జపనీయుల ఉదాహరణలతో ఇలాంటి వాదనే చేశాడు.

పసిపిల్లల మీద చేసిన ప్రయోగాలు ఈ జల్లెడ ఎప్పుడు తయారవుతుందో చూపించాయి. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పెరుగుతున్న శిశువులకు హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. 6 నుంచి 8 నెలల పిల్లలు ఆ తేడాను పసిగట్టారు. 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి పట్టలేకపోయారు. అదే వయసు హిందీ పిల్లలకు ఆ తేడా స్పష్టంగానే తెలిసింది. అంటే ఏ భాషలోని తేడానైనా పట్టగల చెవితో బిడ్డ పుడుతుంది, మొదటి పుట్టినరోజు నాటికే ఇంటి భాషకు అక్కరలేని తేడాలను పట్టించుకోవడం మానేస్తుంది. మాటలు రాకముందే జరిగిపోయే పని ఇది.

పెద్దవారి చెవి లేనిదాన్ని కూడా వింటుంది. జపనీస్ భాషలో హల్లు వెంట సాధారణంగా అచ్చు ఉండాలి. ఎమాన్యుయెల్ దుపూ బృందం 1999లో ‘ఎబ్జో’ అనే కల్పిత పదాన్ని జపనీయులకు వినిపిస్తే, వారికి అది ‘ఎబుజో’గా వినిపించింది. మధ్యలో ఉకారం లేనే లేదు, చెవే దాన్ని చేర్చుకుంది. ఇలాంటి శ్రోతను సరిగా పలకలేదని తప్పుపట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. తాను విన్నదాన్ని అతను సరిగానే పలుకుతున్నాడు.

ఇక్కడ సామాన్యంగా అనుకునేదానికి విరుద్ధమైన ఒక సంగతి ఉంది. మాతృభాషలో పోలికే లేని ధ్వని కష్టం, కొంచెం పోలిక ఉన్నది సులువు అని ఎవరైనా అనుకుంటారు. జేమ్స్ ఫ్లెగె 1995లో పూర్తిరూపంలో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం దీర్ఘకాలంలో జరిగేది దీనికి భిన్నం. బొత్తిగా కొత్తదైన ధ్వనిని చెవి కొత్తదిగా గుర్తిస్తుంది కాబట్టి దానికి వేరే చోటు ఏర్పడుతుంది. దగ్గరి పోలిక ఉన్నదాన్ని మాత్రం సొంత ధ్వనే అనుకొని సరిపెట్టేస్తుంది. అలా సరిపెట్టుకున్న తప్పు ఏళ్లు గడిచినా తప్పుగా తోచదు.

తెలుగువారి ఇంగ్లీషు

తెలుగువారి ఇంగ్లీషు ఈ సిద్ధాంతానికి మంచి నిదర్శనం. తెలుగులో నాలుక కొన పళ్లకు తగిలితే త, ద. వెనక్కి మడిచి అంగిలికి తగిలిస్తే ట, డ. ఇంగ్లీషు ధ్వని ఈ రెంటికీ మధ్య, పైపళ్ల వెనక చిగురు గట్టు మీద పుడుతుంది. ఆ మధ్య స్థానానికి తెలుగులో చోటు లేదు. తెలుగు చెవి దాన్ని ట, డలుగా లెక్కగట్టి టేబులు, డాక్టరు అంది. ఇంగ్లీషులో నాలుకను పళ్ల మధ్య ఉంచి గాలి ఊదుతూ పలికే ఊష్మాలు కూడా తెలుగులో లేవు. వాటిని థ, దలుగా పలకడం ఆనవాయితీ అయింది. ఈ సర్దుబాటులో ఒక మెచ్చదగిన పొందిక ఉంది. తగరం అనే అర్థమిచ్చే ‘టిన్’కూ, సన్నం అనే అర్థమిచ్చే ‘థిన్’కూ తేడా చెడలేదు. రెండు ధ్వనులూ స్థానం మారినా ఒకదానితో ఒకటి కలిసిపోలేదు. వినేవారికి యాస తెలుస్తుంది గాని పదం తప్పిపోదు.

శ్వాస విషయంలో అలా కాదు. ఇంగ్లీషులో ఊనిక ఉన్న అక్షరం మొదట వచ్చే క, ట, పలు గాలి విసురుతో, అంటే తెలుగు ఒత్తక్షరాలకు దగ్గరగా వస్తాయి. పదం మొదట వచ్చే బకారంలోనేమో నాదం చాలా తక్కువ. అందువల్ల తెలుగువారు విసురు లేకుండా పలికిన ‘పిన్’ను ఇంగ్లీషువారు ‘బిన్’గా వినే అవకాశం ఉంది. ఖ, ఠ, ఫ అక్షరాలు వర్ణమాలలో ఉన్నవారే ఇంగ్లీషులో వాటిని వాడకపోవడం వింతగా కనిపించవచ్చు. ఒత్తక్షరాలు తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చాయి, అచ్చతెలుగు మాటల్లో లేవు. పైగా ఇంగ్లీషు స్పెల్లింగులో ఆ విసురుకు గుర్తు ఏదీ లేదు. కంటికి కనబడనిది చెవికి ఎక్కలేదు.

తెలుగు వకారం ఒక్కటే. కింది పెదవి పై పళ్లను సుతారంగా సమీపిస్తే అది వస్తుంది. ఇంగ్లీషులో ఈ చోట రెండు వర్ణాలున్నాయి. ఒకటి పళ్లు పెదవిని ఒరుసుకుంటూ వచ్చేది, రెండోది రెండు పెదవులనూ గుండ్రంగా చుట్టి వదిలేది. ‘వెస్ట్’ అంటే పడమర, ‘వెస్ట్’ అంటే బనీను అని తెలుగు లిపిలో రాస్తే తేడా కనిపించదు. తెలుగువారి మాటలోనూ వినిపించదు. గాలి గీసుకుంటూ నాదంతో వచ్చే సకారానికి తెలుగులో జకారం నిలబడింది. బిజీ, ఈజీ, మ్యూజిక్, జీరో ఇలా స్థిరపడ్డవే. చదువుకున్నవారిలో ఆ ధ్వని వచ్చినా తొందరలో మళ్లీ జకారమే దొర్లుతుంది.

అచ్చుల్లో లాభం, నష్టం రెండూ ఉన్నాయి. హ్రస్వ దీర్ఘాల తేడా తెలుగుకు ప్రాణం కాబట్టి ఓడ అనే అర్థమున్న ‘షిప్’, గొర్రె అనే అర్థమున్న ‘షీప్’ తెలుగువారి నోట కలిసిపోవు. స్పానిష్ వారికి ఇది పెద్ద అవస్థ. నోరు గుండ్రంగా తెరిచి పలికే ఇంగ్లీషు అచ్చు దగ్గర మాత్రం తెలుగువారు ఆకారంతో సరిపెట్టుకుంటారు. దరఖాస్తు ఫారం, కోళ్ల ఫారం అన్న రెండు మాటల్లోని ఫారాలు ఇంగ్లీషులో వేరువేరు అచ్చులున్న రెండు పదాలు. తెలుగులో ఒకటే అయ్యాయి.

పదం ఆకృతి కూడా మారుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. బస్సు, పెన్ను, రోడ్డు, కారు అలా వచ్చినవే. కొన్నింట్లో చివరి హల్లు రెట్టించి మరీ ఉకారం చేరింది. జపనీస్‌లో బేస్‌బాల్ ‘బేసుబోరు’ అయిందీ, పదం మొదట సకారం మీద మరో హల్లును భరించలేని స్పానిష్‌లో స్కూలుకు ముందు ఎకారం చేరేదీ ఇలాంటి అవసరంతోనే. తెలుగు పల్లెల్లో వినిపించే ఇస్కూలు, టేషను కూడా ఈ కోవలోవే. తెలుగులో పదాది ఎ, ఏలకు ముందు యకారం, ఒ, ఓలకు ముందు వకారం తెలియకుండానే తొంగిచూస్తాయి. ‘యెగ్గు’, ‘వోన్లీ’ అలా వస్తాయి. పలికేవారికి అక్కడ అదనపు ధ్వని ఉందన్న స్పృహే ఉండదు.

ఊనిక, లయ

విడి ధ్వనులకంటే ఎక్కువ చిక్కు తెచ్చేది ఊనిక. ఇంగ్లీషు పదంలో ఒక అక్షరం బలంగా, నిడివిగా పలుకుతారు. మిగిలినవి కుంచించుకుపోయి, వాటి అచ్చులు నీరసంగా నలిగిపోతాయి. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద, ఫోటోగ్రఫీ అన్నప్పుడు రెండోదాని మీద పడుతుంది. దాంతో అచ్చులూ మారిపోతాయి. హోటల్, ఈవెంట్ అనే పదాల్లో బలం రెండో అక్షరానిది, భారతీయులు మొదటిదాని మీద పెడతారు. రికార్డ్ వంటి మాటల్లో ఊనిక మొదట పడితే నామవాచకం, తరువాత పడితే క్రియ. తెలుగులో అక్షరం గురువా లఘువా అన్నది ముఖ్యం గాని, ఊనిక మారినందువల్ల అర్థం మారదు. అందుకే తెలుగువారు ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు సమానంగా విలువ ఇస్తూ పోతారు. పదాలన్నీ సరైనవే అయినా వాక్యంలో ఏది ముఖ్యమో ఇంగ్లీషు చెవికి అందదు.

హైదరాబాదులో 1958లో ఏర్పడిన కేంద్రీయ ఆంగ్ల సంస్థలో (ఇప్పటి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పనిచేసిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించాడు. అర్థం కాకపోవడానికి ఆయన గుర్తించిన ముఖ్య కారణాల్లో పదాల మీద ఊనిక తప్పడం ఒకటి. అయినా తరగతి గదుల్లో ఉచ్చారణ పాఠమంటే విడి అక్షరాలను దిద్దడమే అన్న పద్ధతి చాలాకాలం సాగింది, పూర్తిగా పోయిందనీ చెప్పలేం.

ఊనిక వినబడకపోవడం తెలుగువారి ప్రత్యేకత కాదు. ఫ్రెంచిలో ఊనికకు అర్థభేదం కలిగించే శక్తి లేదు. ఊనిక ఒక్కటే తేడాగా ఉన్న పదాలను గుర్తుపెట్టుకోమంటే ఫ్రెంచివారు తడబడతారనీ, స్పానిష్‌వారికి అది సులువనీ 1997 నాటి ప్రయోగాలు చూపాయి.

రాత పెట్టే తికమక

తెలుగు విద్యార్థి ఇంగ్లీషును సాధారణంగా చెవితో కాక కంటితో నేర్చుకుంటాడు. రాసినట్టే చదివే లిపిలో పెరిగినవాడికి, రాసిందొకటి చదివేదొకటి అయిన లిపి ఎదురవుతుంది. బుధవారం, రశీదు, అప్పు అనే అర్థాలున్న ఇంగ్లీషు పదాల్లో పలకని అక్షరాలు ఉన్నాయి. స్పెల్లింగులో ఒకే హల్లు రెండుసార్లు కనిపిస్తే తెలుగువారు ద్విత్వంగా పలుకుతారు. ‘సమ్మర్’, ‘హ్యాప్పీ’ ఈ విధంగా వచ్చినవే. ఇంగ్లీషులో ఒక పదం లోపల ద్విత్వం పలకరు, అక్కడ రెండు అక్షరాలు రాయడం ముందున్న అచ్చును సూచించడానికే. పదాంత రేఫను దక్షిణ ఇంగ్లండు వారు వదిలేస్తే తెలుగువారు స్పష్టంగా పలుకుతారు. అమెరికాలోనూ దాన్ని పలుకుతారు కాబట్టి ఇది దోషం అనిపించుకోదు.

మరికొన్ని భాషల దగ్గర

గల్ఫ్ దేశాలకు వలస వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాలవారికి అరబ్బీ పరిచయం. అందులో గొంతు లోతునుంచి వచ్చే హల్లులు, నాలుక వెనకభాగాన్ని బిగించి పలికే సకార దకారాలు తెలుగు నోటికి కొత్త. నాలుక మూలం బాగా వెనక్కి తగిలితే ‘ఖల్బ్’ లాంటి మాటకు గుండె అని అర్థం, మామూలు కకారంతో ‘కల్బ్’ అంటే కుక్క. అరబ్బీ భాషలో పకారం లేదు కాబట్టి అక్కడివారు పెప్సీని ‘బెబ్సీ’ అంటారు. హైదరాబాదు దక్కనీ ఉర్దూ ఆ లోతు కకారాన్ని ఖకారానికి దగ్గరగా తెచ్చుకుంది, అది ఆ యాసకు గుర్తుగా నిలిచిపోయింది.

చైనాలో వైద్యవిద్యకు వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఎదురయ్యేది మరో రకం చిక్కు. మాండరిన్‌లో ఒకే అక్షరానికి నాలుగు స్వరాలు ఉన్నాయి. ‘మై’ అనే మాట గొంతు దించి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా దించితే అమ్మడం. తెలుగులో కూడా స్వరం ఎత్తుపల్లాలు ఉంటాయి గాని అవి ప్రశ్న, ఆశ్చర్యం, వెటకారం వంటివాటిని తెలియజేస్తాయి. మాట అర్థానికి స్వరాన్ని కట్టిపెట్టడం కొత్త అలవాటు. ఫ్రెంచి, జర్మన్ భాషల్లో ఈకారానికి నాలుకను సిద్ధం చేసి పెదవులు మాత్రం ఊకారానికి సున్నాలా చుట్టి పలికే అచ్చు ఉంది. విన్నవారికి కష్టంగా తోచే ఈ ధ్వని, పలికే విధానం విడమరిచి చెబితే చాలామందికి తొందరగానే పట్టుబడుతుంది.

పొరుగు భాషల దగ్గర కూడా జల్లెడ తన పని చేస్తుంది. తమిళ, మలయాళాలలోని ప్రత్యేకమైన ‘ళ’కారాన్ని, నాలుకను మడిచి ఎక్కడా తాకించకుండా పలికేదాన్ని, తెలుగువారు మామూలు ళకారంగా పలుకుతారు. హిందీలో తెలుగువారి ఒత్తులు తేలిపోతాయి. హిందీలో హ్రస్వ ఎ, ఒలకు వేరే అక్షరాలు లేవు. అందుకే ఉత్తరాదివారి నోట ఈ భాష పేరు ‘తేలుగు’గా వినబడుతుంది.

తెలుగు నేర్చుకునే పరాయివారు

తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువారికి పాత, పాట ఒకటే మాట. కోతి, కోటి కూడా అంతే. గడి, గడ్డి అన్నప్పుడు హల్లును పట్టి నిలపడం వారికి అలవాటు లేని పని. కల, కళల తేడా వినబడదు. పదాంతంలోని హ్రస్వ అచ్చులను ఇంగ్లీషు పద్ధతిలో నలిపేయడం వల్ల విభక్తులూ క్రియాంతాలూ మాయమవుతాయి. తెలుగులో అర్థమంతా ఆ చివర్లలోనే ఉంటుంది కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. చ, జలకు తాలవ్యం, దంత్యం అని రెండు పలుకుబడులున్నాయని, చాప, చీమలలో మొదటి ధ్వని ఒకటి కాదని పుట్టుతెలుగువారు కూడా ఎవరైనా చెబితే గాని గమనించరు. దంత్యాలకు వ్యాకరణాల్లో ౘ, ౙ అనే గుర్తులు ఉన్నా వాడుకలో ఎవరూ రాయరు. పుస్తకం చూసి నేర్చుకునేవారికి ఆ తేడా అందే దారి లేదు.

అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల పరిస్థితి వేరు. ఇంట్లో తెలుగు వింటారు, ఇంగ్లీషులో జవాబిస్తారు. 2007లో మొదలైన మనబడి వంటి వారాంతపు తరగతుల్లో అక్షరాలు దిద్దేనాటికి వీరికి రాయడం, వాక్యం కట్టడం కష్టమైనా, ధ్వనుల దగ్గర కొంత మొగ్గు ఉంటుందని ఆశించవచ్చు. చిన్నతనంలో స్పానిష్ కేవలం చెవిన పడ్డవారు, పెద్దయ్యాక ఆ భాష నేర్చుకుంటే అసలు విననివారికంటే మేలుగా పలుకుతారని 2002లో అమెరికా పరిశోధకులు చూపారు.

వయసు, మనసు

బాల్యం దాటితే యాస తప్పదన్న అభిప్రాయానికి ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో రాసిన గ్రంథం బలమిచ్చింది. భాష అబ్బడానికి జీవశాస్త్రం ఒక గడువు పెట్టిందని, యౌవనారంభంతో అది ముగుస్తుందని ఆయన వాదం. కెనడాలో స్థిరపడ్డ 240 మంది ఇటాలియన్ల ఇంగ్లీషును ఫ్లెగె, ఆయన సహచరులు పరిశీలించి 1995లో ప్రచురించిన ఫలితాల్లో అలాంటి గోడ కనిపించలేదు. వచ్చిన వయసు పెరిగేకొద్దీ యాస క్రమంగా చిక్కబడింది, అంతే. వయసు తోడుగా మరెన్నో వస్తాయి. పెద్దవారు మాతృభాషను మరింత వాడతారు, కొత్త భాషను సొంతవారి నోట తక్కువగా వింటారు. నెదర్లాండ్స్‌లో పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చి, ఇంగ్లీషువారే గుర్తుపట్టలేనంతగా పలికినవారు కూడా పరిశోధనల్లో తేలారు. అలాంటివారు కొద్దిమందే.

సిగ్గు, బెదురు కూడా లెక్కలోకి వస్తాయి. 1972లో గియోరా బృందం అమెరికన్ విద్యార్థులకు కొద్దిగా మద్యం తాగించి, తెలియని థాయ్ మాటలను పలికించింది. స్వల్ప మోతాదు పుచ్చుకున్నవారి ఉచ్చారణ మెరుగైంది. దీన్ని బోధనా పద్ధతిగా ఎవరూ సిఫారసు చేయలేదు గాని, బిడియం సడలితే నోరు సడలుతుందన్నది అందులో తేలింది. తెలుగు మాధ్యమంలో చదివి పట్నం కాలేజీకి వచ్చిన విద్యార్థి నోరు తెరవడానికి భయపడటంలోనూ, తోటివారి ముందు ఇంగ్లీషు బాగా పలికితే ‘స్టైలు కొడుతున్నాడు’ అంటారని కావాలనే తగ్గించి పలకడంలోనూ మనసు పాత్ర స్పష్టం. రెండో రకం పిల్లల్లో కనిపించే లోపం ఉచ్చారణకు సంబంధించినది కానే కాదు.

యాస వేరు, అర్థం కాకపోవడం వేరు

ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో మూడు విషయాలను విడదీశారు. మాట ఎంత పరాయిగా వినిపిస్తోంది, వినడానికి ఎంత శ్రమ పడుతోంది, చివరికి ఎంత అర్థమైంది. చిక్కటి యాస ఉన్నా పూర్తిగా అర్థమయ్యే మాటలు కోకొల్లలని వారు చూపించారు. దాంతో పరాయి యాసను తుడిచేయడం కంటే అర్థమయ్యేలా పలకడమే గురి అన్న ఆలోచన బలపడింది. 2000లో జెన్నిఫర్ జెన్‌కిన్స్ మరో అడుగు వేసింది. ఇంగ్లీషు సొంతం కానివారే ఒకరితో ఒకరు ఇంగ్లీషులో మాట్లాడుకునే రోజుల్లో ఏ ధ్వనులు తప్పితే నిజంగా పని చెడుతుందో ఆమె ఏరింది. పళ్ల మధ్య నాలుక పెట్టి పలికే ఊష్మాలు ఆ జాబితాలో లేవు, అచ్చుల నిడివీ పదం మొదటి హల్లుల విసురూ ఉన్నాయి. దీని ప్రకారం చూస్తే తెలుగువారి థకారంతో పేచీ లేదు, ‘పిన్’ను సరిచేసుకోవాలి.

విమానయానం ఈ ఆలోచనను ఏనాడో ఆచరణలో పెట్టింది. రేడియోలో అంకెలు చెప్పేటప్పుడు మూడుకు ‘ట్రీ’, అయిదుకు ‘ఫైఫ్’, తొమ్మిదికి ‘నైనర్’ అనాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్ణయించింది. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న పైలట్ కూడా అలాగే అనాలి. ఎక్కువమందికి కష్టమైన ధ్వనిని భాషలోంచే తప్పించడం ఇక్కడి ఉపాయం. ఆ సంస్థ భాషా ప్రమాణాల్లో ఆరు స్థాయిలు ఉంటే, అంతర్జాతీయ విమానాలు నడపడానికి నాలుగోది చాలు. మాతృభాష ప్రభావం వినిపించినా ఆ స్థాయికి అడ్డు కాదు, అర్థం కావడానికి అప్పుడప్పుడు మాత్రమే ఆటంకం కలగాలి.

ఉద్యోగాల మార్కెట్ అంత ఉదారంగా లేదు. 2000 ప్రాంతంలో హైదరాబాదులో కాల్ సెంటర్లు పుట్టుకొచ్చినప్పుడు ‘న్యూట్రల్ యాక్సెంట్’ పేరుతో వారాల తరబడి శిక్షణ ఇచ్చారు. ఏ ప్రాంతానికీ చెందని యాస అంటూ నిజానికి ఉండదు. ఆ శిక్షణల్లో జరిగింది ఊనిక దిద్దడం, వేగం తగ్గించడం, వకారాల వంటి కొన్ని జంటలను వేరుచేయించడం. అమెరికాలో ఉద్యోగపు పనికి నిజంగా అడ్డుపడితే తప్ప యాస కారణంగా ఉద్యోగం నిరాకరించడం జాతిమూలాల వివక్ష కింద చట్టవిరుద్ధం.

దిద్దుబాటు

చెవి నుంచి మొదలుపెట్టే శిక్షణకు గట్టి ఆధారాలు ఉన్నాయి. జపనీయులకు ఇంగ్లీషు ర, లల తేడా వినడం నేర్పడానికి 1991లో లోగన్, లైవ్లీ, పిసోని ఒక పద్ధతి ప్రయత్నించారు. ఒకే గొంతు కాకుండా పలువురి గొంతుల్లో, పదంలోని వేరువేరు చోట్ల ఆ ధ్వనులను వినిపించి, విన్నది ఏదో చెప్పమని, వెంటనే తప్పొప్పులు తెలిపారు. వినని పదాలకు, కొత్త గొంతులకు కూడా ఆ నేర్పు వర్తించింది. తరువాత బ్రాడ్లో, ఆమె సహచరులు చేసిన పరీక్షల్లో, కేవలం వినడంలో శిక్షణ పొందినవారి పలుకు కూడా మెరుగైందని, మూడు నెలలకూ ఆ మెరుగు నిలిచిందని తేలింది. నోటితో ఒక్కసారీ సాధన చేయించకుండానే నోరు మారింది.

చెవికి తేడా తెలిశాక నాలుకకు దారి చూపడం తేలిక. పెదవుల కదలికలకు అద్దం సరిపోతుంది. విసురు ఉందో లేదో తెలుసుకోవడానికి నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని, పకారం పలికినప్పుడు అది కదులుతోందా అని చూస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ తయారుచేసి ఉచితంగా ఇస్తున్న ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తమ మాటను రికార్డు చేసుకుని నిడివినీ స్వరాన్నీ తెరమీద గీతలుగా చూడవచ్చు. భారతీయ విద్యార్థుల కోసమే రాసిన పుస్తకాల్లో బన్సల్, హారిసన్‌లది 1972లోనూ, టి. బాలసుబ్రమణియన్‌ది 1981లోనూ వచ్చాయి. ఇంగ్లీషును భారతీయ భాషలతో పోల్చి చెప్పడం వల్ల విదేశీ పాఠ్యపుస్తకాల్లో దొరకని సంగతులు వీటిలో ఉన్నాయి.

ఫోనులోని ఉచ్చారణ యాప్‌లు తప్పును గుర్తిస్తాయి గాని కారణం చెప్పలేవు. వాటిలో చాలావరకు అమెరికన్ లేదా బ్రిటిష్ పలుకునే కొలబద్దగా పెట్టుకుంటాయి. అర్థమయ్యేలా పలికిన హైదరాబాదీ వాక్యానికీ, అర్థం కానిదానికీ ఒకే రకంగా మార్కులు తగ్గించే ప్రమాదం అక్కడ ఉంది. తెలుగువారికి ఏ జంటలు కలిసిపోతాయో తెలిసిన ఉపాధ్యాయుడు మొదటి వారంలోనే వకారాలు, జకారం, విసురు, ఊనిక దగ్గరికి వెళ్తాడు. థకారాన్ని చివరికి వాయిదా వేస్తాడు.